9 అడుగుల సర్ఫింగ్ బోర్డు, నలుగురు ఫ్రెండ్స్, బస్సు ప్రయాణం: సీమ నుంచి సముద్రానికి ఎలా పోవాలి?

అనంత_అలలు
మేం నలుగురం. ఇద్దరం అనంతపురం, ఒకడు కర్నూలు, ఒకమ్మాయి కడప. ఫిబ్రవరిలో వీపుకు బ్యాగు తగిలించుకుని బస్సుల్లోనే తిరుగుతూ, ఏదో ఒక బీచ్‌లో నాలుగు రోజులు ఉండి సర్ఫింగ్, అంటే బోర్డు మీద నిలబడి అలల మీద జారడం, నేర్చుకోవాలని ప్లాన్. బెంగళూరులో ఉద్యోగం మానేసి విదేశం పోతున్న సీనియర్ ఒకాయన తన 9 అడుగుల బోర్డు మాకు ఇచ్చేశాడు. దాన్ని అనంతపురం చేర్చేసరికి నాకు కోపం నషాళానికి ఎక్కింది.

టికెట్ తీసుకునే ముందే ఫోన్ చేసి బోర్డు పొడవెంతో చెప్పాను. "తీసుకురండి సార్, డిక్కీలో పెడతాం" అన్నారు. బస్సు దగ్గరికి పోతే డిక్కీ నిండా అట్టపెట్టెలు, మూటలు. వాటిలో ఒక్కటీ ప్రయాణికులది కాదు, అన్నీ పార్శిళ్లే. క్లీనర్ అదనంగా డబ్బు తీసుకుని, బోర్డును బస్సు లోపల బెర్తుల మధ్య నడవలో పడుకోబెట్టాడు. నేను వద్దంటే "అయితే దిగిపో" అన్నాడు. రాత్రంతా ముసలివాళ్లు, పిల్లలు దాన్ని దాటుకుంటూ నడిచారు. నాకు కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడు అడిగేది: బోర్డు ఎలా తీసుకెళ్లాలి? తూర్పు తీరమా, పడమటి తీరమా? రాత్రి స్లీపరా, పగటి బస్సా? మా ఇళ్లలో కర్నూలు దగ్గర చిన్నటేకూరు బస్సు ప్రమాదం తర్వాత స్లీపర్ బస్సు అంటేనే భయపడుతున్నారు.

డోన్_జంక్షన్
బోర్డు ఇంట్లో గోడకు ఆనించు. అక్కడికి పోయి అద్దెకు తీసుకో. అయిపోయింది.

కేసీ_కాలువ
@డోన్_జంక్షన్ అంత తేలిగ్గా తేల్చేస్తే ఎట్లప్పా! అభిమానంగా ఇచ్చిన బోర్డు కదా.

తుంగభద్ర_గట్టు
మాది కర్నూలు. భయపడుతున్నారంటే పడరా మరి? 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున మా ఊరికి కూతవేటు దూరంలో జరిగింది అది. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కింద బైక్ ఇరుక్కుని మంటలు అంటుకున్నాయి. బస్సులో ఉన్నవాళ్లలో 19 మంది చనిపోయారు. 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయారు. అదీ ఇదే రోడ్డు, అదీ తెల్లవారుజామే. నిద్రలో ఉన్న మనిషికి పొగలో దారి కనిపించాలంటే నడవ ఖాళీగా ఉండాలి. నీ బోర్డును నడవలో పెట్టడం వల్ల నీకు నిద్ర పట్టలేదన్నావు చూడు, అది మంచి మనసు. క్లీనర్‌కు ఆ ఆలోచనే రాకపోవడం నాకు బాధగా ఉంది.

ఉగ్గాని_బజ్జీ
పై మాట నూటికి నూరు పాళ్లు నిజం. నడవలో సామాను పెడితే ఎవరైనా సరే గట్టిగా అడగాలి. బస్సులో పది మంది గొంతు కలిపితే క్లీనర్ తీయక ఏం చేస్తాడు.

గండికోట_గాలి
కొలతల సంగతి చెప్తా. మన దేశంలో బస్సు వెడల్పు 2.6 మీటర్లకు మించకూడదు, అది నిబంధన. డిక్కీ లోపలి వెడల్పు ఇంకా తక్కువే ఉంటుంది. 9 అడుగులంటే 2.74 మీటర్లు. అంటే అడ్డంగా పట్టే ప్రశ్నే లేదు, డిక్కీ ఖాళీగా ఉన్నా సరే. నిలువుగా పెట్టాలంటే లోపల మధ్యలో కమ్మీలు, అడ్డగోడలు లేని బస్సు కావాలి. కొన్ని మల్టీ యాక్సిల్ బస్సుల్లో అలా ఉంటుంది. కానీ ఏ రోజు ఏ బస్సు వేస్తారో మనకు తెలియదు. 6 అడుగుల షార్ట్‌బోర్డు అయితే ఏ బస్సులోనైనా అడ్డంగా పడుకుంటుంది. అయితే దాని మీద కొత్తవాళ్లు నిలబడలేరు.

అనంత_అలలు
@గండికోట_గాలి ఇది ఎవరూ చెప్పలేదు అన్నా. ఫోన్లో "పెడతాం" అన్నవాళ్లకు తెలిసే అన్నారో, టికెట్ అమ్ముడుపోతే చాలనుకున్నారో!

లేపాక్షి_నీడ
బస్సు టాప్ మీద కడితే?

స్టీరింగ్_పెద్దాయన
వద్దు నాయనా. నేను ప్రొద్దుటూరు డిపోలో చాలా ఏళ్లు బండి తోలి రిటైర్ అయినవాణ్ని. పలకలా ఉండే వస్తువును పైన కడితే గాలి దాన్ని పైకి లేపుతుంది. తాడు ఒక పక్క వదులైతే వెనక వచ్చే బైక్ వాడి ప్రాణానికి ముప్పు. డ్రైవర్‌కు ఆ సంగతి అద్దంలో కూడా కనపడదు.

రాత్రి ప్రయాణం గురించి కూడా నా మాట వినండి. రాత్రి రెండు నుంచి ఐదు వరకు ఎంత గట్టి డ్రైవర్‌కైనా రెప్ప బరువెక్కుతుంది. హైవే మీద ఆగిపోయిన లారీలు, లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద పడుకున్న పశువులు ఆ వేళలోనే కనపడవు. ఎంత పెద్ద కంపెనీ బండి అయినా రోడ్డు అదే, మనిషి కన్ను అదే. తొందర లేని ప్రయాణం అయితే పగలు పోండి. మీరు చదువుకున్న పిల్లలు, సెలవు పెట్టుకుని సరదాగా పోతున్నారు. మీకేం తొందర?

బళ్లారి_చౌరస్తా
పెద్దాయన మీద గౌరవంతోనే చెప్తున్నా, పగలు పోతే రెండు రోజులు బస్సులోనే పోతాయి. ఉద్యోగం చేసేవాడికి దొరికేది నాలుగు రోజుల సెలవు. రాత్రి ఎక్కి పొద్దున దిగితే లాడ్జి ఖర్చు మిగులుతుంది, రోజు మిగులుతుంది. రాత్రి బస్సులన్నీ ప్రమాదం అంటే ఈ రాష్ట్రంలో సగం మంది ఊళ్లకే పోలేరు.

సీమ_సర్ఫర్
@బళ్లారి_చౌరస్తా రోజు మిగులుతుందన్నది గుడికో, పెళ్లికో పోయేవాడికి నిజం. సర్ఫింగ్‌కు అది వర్తించదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

మన తీరానికి వచ్చే మంచి అలలు చాలావరకు ఇక్కడి గాలికి పుట్టినవి కావు. దక్షిణాన ఎక్కడో హిందూ మహాసముద్రంలో పెద్ద గాలులకు పుట్టి, వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి వస్తాయి. ఒడ్డు దగ్గర వాటి ముఖం నున్నగా ఉంటుందా, చెదిరిపోతుందా అన్నది మాత్రం స్థానిక గాలిని బట్టి ఉంటుంది. రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. అప్పుడు అల నున్నగా, నిదానంగా విరుగుతుంది. ఎండ ఎక్కాక గాలి తిరగబడి సముద్రం నుంచి ఒడ్డుకు కొడుతుంది, నీళ్లన్నీ గజిబిజి. కొత్తవాళ్లకు పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర లోపు సమయమే బంగారం.

రాత్రి బస్సు దిగి, లోకల్ బస్సు పట్టుకుని, రూము వెతుక్కుని, టిఫిన్ తిని బీచ్‌కు చేరేసరికి పదో పదకొండో అవుతుంది. ఆ పూట పోయినట్టే. పైగా నిద్ర లేని ఒంటితో నీళ్లలోకి దిగితే చేతులు పది నిమిషాలకే బరువెక్కుతాయి. అలసిన మనిషికి సముద్రంలో తెలివి పనిచేయదు. పగలు ప్రయాణం చేసి, సాయంత్రానికి చేరి, ఎనిమిదికల్లా పడుకుని, పొద్దున ఆరుకు నీళ్లలో ఉండటం అన్నిటికంటే లాభం.

బళ్లారి_చౌరస్తా
ఈ కోణం నాకు తట్టలేదు. సరే, పోయేటప్పుడు పగలు. వచ్చేటప్పుడు మాత్రం నేను రాత్రి బస్సే ఎక్కుతా, సోమవారం ఆఫీసు ఆగదు.

స్టీరింగ్_పెద్దాయన
ఎక్కు బాబూ, కానీ ఎక్కగానే రెండు పనులు చెయ్. అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో కళ్లారా చూసుకో. నీ బెర్తు నుంచి ఆ ద్వారం దాకా చీకట్లో చేత్తో తడుముకుంటూ పోగలవా అని ఒకసారి నడిచి చూడు. సుత్తి లేకపోతే అడుగు. అడిగేవాళ్లు ఉంటేనే పెడతారు.

రాయదుర్గం_పిల్ల
తూర్పా పడమరా అన్నదానికి వస్తా. నేను పడమటి పార్టీ. మూల్కి పోండి! మంగళూరు నుంచి ఉడుపి పోయే దారిలో సుమారు 30 కిలోమీటర్లు. శాంభవి నది సముద్రంలో కలిసే చోటు. మన దేశంలో సర్ఫింగ్ మొదట్లో వేళ్లూనిన ఊళ్లలో అది ఒకటి, సర్ఫింగ్ స్వామి అని పేరుపడ్డ జాక్ హెబ్నర్ ఆశ్రమం అక్కడిదే. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం, మధ్యలో కొబ్బరి తోటలు. మొదటి రోజు నదిలో తెడ్డు వేయడం నేర్పి, తర్వాతే అలల్లోకి తీసుకెళ్తారు. అనంతపురం నుంచి బెంగళూరు మెజెస్టిక్, అక్కడి నుంచి మంగళూరు బస్సు, మంగళూరులో దిగితే ఉడుపి వైపు పోయే ప్రైవేటు బస్సులు వస్తూనే ఉంటాయి. ఫిబ్రవరిలో అక్కడ సముద్రం బుద్ధిగా ఉంటుంది.

కడప_కారం
@రాయదుర్గం_పిల్ల అక్కా, బెంగళూరు నుంచి మంగళూరు పోయే దారిలో శిరాడి ఘాట్ సంగతి చెప్పలేదే. సక్లేశ్‌పుర దాటాక మలుపులకు మా ఫ్రెండ్ కడుపులో ఏమీ మిగల్లేదు.

రాయదుర్గం_పిల్ల
ముందు వరసలో కూర్చోవాలి, ఎక్కే ముందు నూనె వంటలు తినకూడదు, ఫోన్ చూడకూడదు. ఘాట్‌లో వాంతులకు నాకు తెలిసిన మందు అదే. అంతకంటే పెద్ద మాట: జూన్ నుంచి సెప్టెంబర్ వరకు అటు పోవద్దు. వానలకు కొండచరియలు పడి ఘాట్ రోడ్డు ఆగిపోతుంటుంది, పడమటి సముద్రం కూడా కొత్తవాళ్లు దిగేలా ఉండదు. అక్టోబర్ నుంచి మే దాకా బాగుంటుంది.

పెన్నా_ఒడ్డు
తూర్పు దీనికి తిరగేసి అనుకోవచ్చు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు, ఒడ్డు వెంట లాగే ప్రవాహాలు. ఆ మూడు నెలలు తప్పించాలి. ఫిబ్రవరికి అంతా సర్దుకుంటుంది, అలలు చిన్నగా ఉంటాయి, నేర్చుకోవడానికి అవే కావాలి. వానాకాలంలో పడమర మూతపడినప్పుడు కోవలం, మహాబలిపురం వైపు అలలు బాగా వస్తాయి.

చాలామందికి కోవలం అంటే కేరళదే గుర్తొస్తుంది. నేను చెప్పేది చెన్నైకి దక్షిణాన ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఉన్న కోవలం. జాలరి కుటుంబాల పిల్లలే అక్కడ గురువులు. సముద్రం వాళ్లకు ఇంటి వాకిలి. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్ మహాబలిపురంలోనే జరిగింది, మనవాడు రమేష్ బుదిహాల్ కాంస్యం గెలిచాడు. మన గడ్డకు ఇంత దగ్గర్లో ఇంత జరుగుతుంటే సీమ పిల్లలకు తెలియకపోవడం నాకు నచ్చదు. అందుకే ఎవరడిగినా చెప్తా.

కేసీ_కాలువ
కర్నూలు వాడికి ఇంకో దారి ఉంది. బళ్లారి, హొసపేట, హుబ్బళ్లి, గోకర్ణ. మధ్యలో హంపిలో రెండు రోజులు ఆగొచ్చు. బ్యాక్‌ప్యాకర్లకు హంపిని మించిన మజిలీ లేదు. గోకర్ణలో కూడా సర్ఫింగ్ నేర్పేవాళ్లు ఉన్నారు.

డోన్_జంక్షన్
ఇప్పుడు మూడు దారులు అయ్యాయి. పిల్లోడు అడిగింది ఒక్కటి.

నల్లమల_నడక
నలుగురూ మూడు ఊళ్ల వాళ్లు కదా. అందరికీ సమానంగా పడే చోటు చూడాలి. అది తిరుపతి. కర్నూలు నుంచి నంద్యాల, కడప మీదుగా ఆర్టీసీ బస్సులు ఉంటాయి. అనంతపురం నుంచి కదిరి, మదనపల్లె, పీలేరు మీదుగా వస్తారు. కడప అమ్మాయికి రాజంపేట, కోడూరు మీదుగా నాలుగు గంటలు కూడా పట్టదు. ఎవరి ఊరి నుంచి వాళ్లు పగలు బయలుదేరి సాయంత్రం తిరుపతిలో కలుసుకోండి. ఆ రాత్రి అక్కడే పడుకోండి.

మర్నాడు అసలు కిటుకు. అందరూ చెన్నై బస్సు ఎక్కుతారు. అది మాధవరంలో దింపుతుంది. మాధవరం నగరానికి ఉత్తరాన, కోవలం దక్షిణాన. చెన్నై ట్రాఫిక్‌లో బ్యాగులు మోసుకుంటూ నగరం మొత్తం దాటాలి. అలా కాకుండా తిరుపతి నుంచి కాంచీపురం, అక్కడి నుంచి చెంగల్పట్టు, అక్కడి నుంచి తిరుక్కళుకుండ్రం మీదుగా మహాబలిపురం. చెన్నై ముఖం చూడకుండా సముద్రం చేరతారు. అన్నీ మామూలు బస్సులే, టికెట్లు చవక, కిటికీ తెరిచి గాలి పీల్చుకుంటూ పోవచ్చు. మహాబలిపురంలోనే సర్ఫ్ స్కూళ్లు ఉన్నాయి. కోవలం కావాలంటే అక్కడి నుంచి ఉత్తరానికి ఇరవై కిలోమీటర్లు.

కడప_కారం
తిరుపతి మీదుగా అంటే ఇంట్లో పర్మిషన్ కూడా దొరుకుతుంది, "స్వామి దర్శనానికి పోతున్నాం" అని 😀

ఉగ్గాని_బజ్జీ
@కడప_కారం దర్శనం చేసుకునే పో సామీ, ఆ మాట నిజమే అవుతుంది.

మదనపల్లె_మంచు
తిరుపతిలో శని, ఆదివారాలు గదులు దొరకవు. వారం మధ్యలో పడేలా పెట్టుకోండి.

కడప_సముద్రం
ఈ చర్చలో ఉన్న కడప అమ్మాయిని నేనే! మావాడు ఇక్కడ అడిగాడని ఇప్పుడే చూశా. @నల్లమల_నడక అన్నా, ఈ దారి నాకు చాలా నచ్చింది. ఇంకో లాభం కూడా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం, స్త్రీశక్తి ఉంది కదా, కడప నుంచి తిరుపతికి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేను టికెట్‌కు డబ్బు కట్టే పని లేదు. ఆధార్ చూపిస్తే చాలు.

అక్కలెవరైనా ఉంటే రెండు విషయాలు చెప్పండి. నీళ్లలో ఏం వేసుకోవాలి? చీకట్లో తెలియని ఊళ్లో బస్సు దిగాల్సి వస్తే ఏం చేస్తారు?

రాయదుర్గం_పిల్ల
మోకాళ్ల కింది దాకా లెగ్గింగ్స్, పైన ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల రాష్ గార్డ్. కాటన్ టీషర్టు, చున్నీ, వదులు ప్యాంటు వద్దు. తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. రాష్ గార్డ్ ఎండకే కాదు, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డేస్తే పొట్ట, రొమ్ము ఒరుసుకుపోతాయి, దానికీ అవసరం. జుట్టు గట్టిగా జడ వేసుకో.

చీకట్లో దిగే అవసరమే రాకుండా టైము చూసుకుని ఎక్కడం నా పద్ధతి. తెల్లవారుజామున దిగాల్సి వస్తే వెలుతురు వచ్చేదాకా బస్టాండు లోపలే, నలుగురు ఆడవాళ్లు కూర్చున్న చోట కూర్చుంటా. బయటకొచ్చి ఆటో మాట్లాడను. ఇంకొకటి, స్త్రీశక్తి మన రాష్ట్రంలోనే. కర్ణాటక వాళ్ల శక్తి పథకం ఆ రాష్ట్రం ఆడవాళ్లకే. నా దారిలో వస్తే బెంగళూరు నుంచి టికెట్ కొనాల్సిందే. ఈ లెక్కన చూస్తే నీకు తిరుపతి దారే మేలు, ఒప్పుకుంటున్నా.

డోన్_జంక్షన్
రాయదుర్గం పడమటి పార్టీ నుంచి జంప్!

రాయదుర్గం_పిల్ల
@డోన్_జంక్షన్ జంప్ కాదు. మూల్కి మూల్కే. రెండో ట్రిప్పుకు రమ్మంటున్నా.

అనంత_అలలు
తిరుపతి దారి ఖాయం అనుకుంటున్నాం. కానీ నాలుగు బస్సులు మారాలి, 9 అడుగుల బోర్డుతో అది కుదరని పని. దాన్ని అమ్మడానికి మనసు రావట్లేదు. ఎవరైనా దారి చెప్పండి.

చీనీ_మార్కెట్
అనంతపురం మార్కెట్ నుంచి చెన్నైకి చీనీకాయల లారీలు పోతుంటాయి. మా మామ ఏజెంటు. తెలిసిన డ్రైవర్ చేతికి ఇస్తే కోయంబేడు దాకా చేరుతుంది.

గండికోట_గాలి
@చీనీ_మార్కెట్ మామా, టన్నుల కొద్దీ కాయల కింద పెడితే బోర్డు రెండు ముక్కలవుతుంది. లోపల ఉండేది ఫోమ్, పైన పల్చటి ఫైబర్ గ్లాస్ పొర, అంతే.

చీనీ_మార్కెట్
కింద ఎవరు పెడతారు? లోడు పైన, టార్పాలిన్ కింద పెడతారు. మా వాళ్లు కోడిగుడ్ల ట్రేలు కూడా అలాగే పంపారు.

సీమ_సర్ఫర్
పంపడం సాధ్యమే, కానీ కోయంబేడు నుంచి మహాబలిపురం దాకా మళ్లీ ఆటో ట్రాలీ మాట్లాడుకోవాలి. నాలుగు రోజుల కోసం అంత ఖర్చు ఎందుకు? నా మాట వినండి. మొదటి పాఠాలకు మీకు కావాల్సింది ఆ గట్టి బోర్డు కాదు. స్కూలు వాళ్లు ఇచ్చే పైన మెత్తగా ఉండే ఫోమ్ బోర్డు. అల మీద నుంచి పడ్డప్పుడు బోర్డు తిరిగొచ్చి తలకు తగులుతుంది. గట్టి బోర్డు అయితే కుట్లు పడతాయి, కింద రెక్కల్లా ఉండే ఫిన్లు చర్మాన్ని కోస్తాయి. పాఠం ఫీజులోనే బోర్డు వస్తుంది చాలాచోట్ల. అల మీద తిన్నగా నిలబడటం, మలుపు తిప్పడం వచ్చాక ఆ 9 అడుగుల బోర్డుకు విలువ. అప్పుడు నలుగురూ కలిసి కారో వ్యానో మాట్లాడుకుని దాన్ని తీసుకెళ్లండి.

అందాకా దాన్ని కాపాడే పద్ధతి: ఎండ తగలని గదిలో పెట్టండి. మన అనంతపురం మే నెల ఎండలో కారులోనో, రేకుల షెడ్డులోనో వదిలేస్తే లోపలి ఫోమ్ నుంచి పై పొర ఊడి బుడగలు లేస్తాయి. పైన పూసిన మైనం ఇప్పుడే గీకి తీసేయండి, లేదంటే కరిగి బ్యాగుకంతా అంటుకుంటుంది. ఫిన్లు విప్పి మరలతో సహా ఒక సంచిలో వేయండి. ఎక్కడైనా పగులు ఉంటే నీళ్లలోకి దించే ముందు బాగు చేయించాలి.

అనంత_అలలు
@సీమ_సర్ఫర్ అన్నా, ఇప్పుడు మనసు కుదుటపడింది. మైనం రేపే గీకేస్తా.

తుంగభద్ర_గట్టు
బ్యాగుల సంగతి నేను చెప్తా. సర్ఫింగ్‌కు పోయేవాళ్లు క్యాంపింగ్ కూడా అని చిన్న గ్యాస్ స్టవ్, సిలిండర్ డబ్బా పట్టుకొస్తారు. బస్సులో అది వద్దే వద్దు. ఊళ్లో హోటళ్లు ఉండగా స్టవ్ ఎందుకు? పవర్ బ్యాంకులు, ఫోన్లు డిక్కీలో వేసే బ్యాగులో పెట్టకండి, మీ దగ్గరే ఉంచుకోండి. డిక్కీలో బ్యాటరీ వేడెక్కినా ఎవరూ చూడరు. 40 లీటర్ల బ్యాగు దాటితే పల్లె బస్సుల్లో మోకాళ్ల మీద పెట్టుకోలేరు, పక్కవాళ్లకు ఇబ్బంది. ఎక్కువ బట్టలు వద్దు. తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి తప్పనిసరి.

ఉగ్గాని_బజ్జీ
తిండి? శనక్కాయల ఉండలు కట్టుకోండి. బొరుగులు, వేయించిన పప్పులు. నీళ్లలో రెండు గంటలు కొట్టుకున్నాక ఆకలి మామూలుగా ఉండదు, ఆ ఉండలు రెండు తింటే మళ్లీ లేస్తారు. పాడయ్యే భయం లేదు.

కడప_కారం
కారం దోసె అక్కడ దొరకదని ముందే చెప్తున్నా. ఎర్రకారం చిన్న సీసాలో పెట్టుకోండి.

కర్నూలు_ఈతగాడు
వాళ్ల నలుగురిలో కర్నూలు వాణ్ని నేను. ఈత విషయంలో నాకు ధైర్యం ఉంది, చిన్నప్పటి నుంచి కేసీ కాలువలో ఈదుతున్నా. మిగతా ముగ్గురిలో ఒకడు బావి ఈత, ఒకరికి స్విమ్మింగ్ పూల్, ఒకరికి అసలు రాదు. అది సరిపోతుందా?

పెన్నా_ఒడ్డు
@కర్నూలు_ఈతగాడు తమ్ముడూ, కాలువ ఈత చేతులకు బలం ఇస్తుంది, అంతవరకు మంచిదే. కానీ కాలువ ఒకే వైపు పారుతుంది, ఎప్పటికైనా ఒక గట్టు చేతికి దొరుకుతుంది. సముద్రంలో ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ ఏదో ఒక చోట సన్నటి దారి చేసుకుని వెనక్కి పోతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. చూడటానికి ఆ చోట అలలు విరగకుండా ప్రశాంతంగా ఉంటుంది, కొత్తవాళ్లు "ఇక్కడ బాగుంది" అని అక్కడే దిగుతారు. అందులో పడితే ఒడ్డు వైపు ఈదకూడదు. ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి, ఆ ప్రవాహం దాటాక ఒడ్డుకు తిరగాలి. సర్ఫింగ్‌లో అయితే బోర్డును వదలకుండా పట్టుకుని చెయ్యెత్తి పిలవాలి. కాలికి కట్టే తాడు ఉంటుంది, అది విప్పొద్దు. బోర్డే నీ పడవ.

ఈత రాని అమ్మాయో అబ్బాయో ఎవరో గానీ, దాచకుండా గురువుకు ముందే చెప్పాలి. నడుము లోతు నీళ్లలో నురుగు అలల మీద నేర్పిస్తారు. అయినా ఇంకా సమయం ఉంది కాబట్టి వెళ్లేలోపు నీళ్లలో తేలడం వరకైనా నేర్చుకోవడం మంచిది.

కడప_సముద్రం
ఈత రానిది నాకే. రేపటి నుంచి స్విమ్మింగ్ పూల్‌కు పోతున్నా. దాచను.

స్టీరింగ్_పెద్దాయన
మంచి మాట తల్లీ.

లేపాక్షి_నీడ
అలలు ఎంత ఎత్తు ఉంటాయో ముందే తెలిసే మార్గం ఉందా?

సీమ_సర్ఫర్
ఉంది. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, సునామీ హెచ్చరికలు ఇచ్చేది అదే. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని తీరం మొత్తానికి అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలు చెప్తారు. జాలర్లు దాన్నే చూసుకుని వేటకు పోతారు. ఎత్తయిన అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు నీళ్లలోకి దిగకండి, డబ్బులు కట్టేసినా సరే. ఊళ్లో జాలర్లు పడవలు ఒడ్డుకు లాగేశారంటే కూడా అంతే.

అనంత_అలలు
స్కూలు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ఆన్‌లైన్లో అందరూ ఐదు చుక్కల వాళ్లే.

పెన్నా_ఒడ్డు
ఫోన్ చేసి అడగండి. ఒక్కో గురువు దగ్గర నీళ్లలో ఎంతమంది ఉంటారు? ఇద్దరు ముగ్గురికి మించితే ఇంకోచోట చూడండి. ప్రాణరక్షణ శిక్షణ, ప్రథమ చికిత్స నేర్చుకున్నవాళ్లేనా? నీళ్లలోకి దిగే ముందు ఇసుక మీద లేచి నిలబడటం ఎంతసేపు నేర్పిస్తారు? సముద్రం బాగాలేకపోతే పాఠం వాయిదా వేస్తారా, డబ్బు పోతుందా? "సముద్రం ఎప్పుడూ బాగానే ఉంటుంది" అన్నవాడి దగ్గరికి పోవద్దు.

ఇసుక మీద నేర్పేది మీరు ఇంట్లోనే మొదలు పెట్టొచ్చు. చాప మీద బోర్లా పడుకుని, రెండు చేతులు పక్కటెముకల దగ్గర ఆనించి, ఒక్క ఊపులో రెండు కాళ్ల మీదికి రావాలి. మోకాళ్లు నేలకు తగలకూడదు. చూపు కాళ్ల వైపు కాదు, ఎదురుగా గోడ వైపు. రోజూ పొద్దున ఇరవై సార్లు.

కర్నూలు_ఈతగాడు
ఇప్పుడే హాల్లో చేసి చూశా. మా అమ్మ "ఏం పట్టింది రా నీకు" అని పరిగెత్తుకొచ్చింది 😀

మదనపల్లె_మంచు
నాకు కూడా రావాలని ఉంది. పీలేరులో మీ బస్సు ఎక్కొచ్చా?

అనంత_అలలు
రా అన్నా, ఐదుగురం అవుతాం. పొద్దున అనంతపురంలో ఎక్కే ముందు ఏ బస్సో మెసేజ్ పెడతా. ముందు వరస సీట్లు రిజర్వేషన్‌లో దొరికితే నీకు కూడా ఒకటి తీసుకుంటా.

మదనపల్లె_మంచు
రోడ్డు మలుపులు ఉంటాయి, ముందు వరసైతేనే నాకు పడుతుంది. తీసుకో తమ్ముడూ, డబ్బులు పంపిస్తా. పీలేరు కాదు, మదనపల్లె బస్టాండులోనే ఎక్కుతా.